మేకలు నాకిన చెక్క

ముందుగా ఒక అనుమానం తీర్చేస్తాను. లేదు, అది తాగడానికి పనికిరాదు. చెక్క నుంచి ఆల్కహాలు తీసే ఫ్యాక్టరీలో పనిచేసినానని తెలియగానే చుట్టాలందరూ అడిగిన మొదటి మాట అదే కాబట్టి, మీరు అడక్కముందే చెప్పేస్తున్నాను. మా బావమరిదయితే గృహప్రవేశానికి పిలిచి, దగ్గరుండి నా విస్తట్లో రెండోసారి చేపల పులుసు వేయించి, చెవి దగ్గరికొచ్చి, "బావా, ఒక చిన్న క్యాను సర్దలేవా?" అన్నాడు. అది పెట్రోల్లో కలిపే సరుకురా నాయనా, ఎవరూ తాగకుండా అందులో విషం కలిపి మరీ పంపుతాం అంటే, "కంపెనీవాళ్ళు అట్టాగే చెప్తార్లే" అని కన్ను కొట్టినాడు. ఆ పులుసు ఎందుకంత ప్రేమగా వేయించినాడో అప్పుడర్థమయింది.

నేను రిటైరయినాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్లు చేస్తా ఉంటారు. "సార్, ప్రాసెస్ గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అంటారు. ప్రాసెస్ పుస్తకాల్లో ఉంది, చదువుకోండి. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అనేది మా ఇంట్లోవాళ్ళకే అక్కర్లేదు, మీకెందుకు? పుస్తకంలో లేని సంగతి ఒకటి రాస్తాను. అందులో ఒక బాసు, ఒక అమ్మాయి, కొన్ని మేకలు ఉన్నాయి. తెలివి ఎవరి దగ్గరుండిందో చదివినాక మీరే తేల్చుకోండి.

చెక్కలో చక్కెర

నేను మెకానికల్ వాణ్ణి. పేరు రమణయ్య. సర్వీసులో ఎక్కువ భాగం చక్కెర ఫ్యాక్టరీల పక్కనుండే డిస్టిలరీల్లోనే గడిచింది. అక్కడ చెరకు మడ్డిలో ఈస్ట్ వేసి పక్కకి తప్పుకుంటే చాలు, అదే పులుస్తుంది, మనం జీతం తీసుకుంటాం. చివరి కొన్నేళ్ళు మాత్రం ముత్తుకూరు అవతల, సముద్రానికి కూతవేటు దూరంలో పెట్టిన కొత్త ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసినాను. అక్కడ ముడిసరుకు చెరకు కాదు, పనికిరాని చెక్క.

చెక్కలో కూడా చక్కెర ఉంటుంది. నమ్మరు కదా? నేనూ నమ్మలేదు. కాకపోతే అది ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు ఉంటుంది. ఆ తాళం తీయడానికి చెక్కను చిన్న ముక్కలు కొట్టి, కాస్త యాసిడ్ కలిపిన నీళ్ళలో ఆవిరి పట్టించి ఉడకబెట్టాలి. ఆ ఉడకబెట్టే పాత్రకి ఇంగ్లీషులో చాలా పెద్ద పేరుంది, మేమంతా కుక్కరనే వాళ్ళం. ఉడికిన గుజ్జులో ఎంజైము వేస్తే చక్కెర నీళ్ళు వస్తాయి. వాటిని ట్యాంకుకి ఎక్కించి ఈస్ట్ వేస్తే అది చక్కెర తిని ఆల్కహాలు చేస్తుంది. దాన్ని బట్టీలో కాచి ఆవిరి దింపి, మిగిలిన తడి కూడా లాగేస్తే పెట్రోల్లో కలపడానికి సిద్ధం.

మా తీరం పొడుగునా సరుగుడు తోపులు కదా. వాసాలు సెంట్రింగ్ పనికి పోతాయి, దుంగలు కాగితం మిల్లుకి పోతాయి. మిగిలిన కొమ్మ, బెరడు, మొదలు, సామిల్లు కింద పడిన పొట్టు, ఇవన్నీ ఇదివరకు ఇటుక బట్టీలకి పోయేవి, లేకుంటే తోపులోనే కాల్చేసేవాళ్ళు. అవి మాకు కావాలి అన్నాం. రైతులు మమ్మల్ని చూసి జాలిపడినారు.

మిషన్లిచ్చిన విదేశీ కంపెనీ ఒక లావుపాటి పుస్తకం ఇచ్చింది. వాళ్ళది మంచు దేశం. "చెక్క మీద మంచు పేరుకుంటే ముందుగా దులపవలెను" అని ఒక పేజీ నిండా రాసినారు. మే నెలలో, ముత్తుకూరులో, ఫ్యాను తిరగని షెడ్డులో ఆ పేజీ చదివితే కాసేపు హాయిగా ఉండేది. ఇసుక గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మా సరుగుడు బెరడులో ఇసుక ఎంతుంటుందంటే, చెక్క ముక్కలు కొట్టే మిషను కత్తులు వచ్చిన కొత్తలోనే అరిగి నున్నగా అయిపోయినాయి. ఆ పుస్తకం వెనక ఒక పట్టిక కూడా ఉండేది, చెక్కలో ఏమేం పరీక్ష చేయాలో. చక్కెర, తేమ, బూడిద. మేం చక్కెర, తేమ, బూడిద చూసేవాళ్ళం. పట్టికలో లేనిది చూడాలని ఎవరికీ తోచలేదు. చదువుకున్నవాళ్ళం కదా.

గాజు సూర్యుడు

మా బాసు పేరు శశిధర్ గారు. పెద్ద చదువులు చదివినాడు, మంచి బట్టలేసుకుంటాడు, మాట తీపి. ఫ్యాక్టరీలో ఏదైనా బాగా జరిగితే "నేను" అనేవాడు, చెడిపోతే "టీము" అనేవాడు. వ్యాకరణంలో ఆయన ఎప్పుడూ పొరపాటు పడలేదు.

చెక్కలో తేమ ఎక్కువుంటే కుక్కర్లో ఆవిరి దండగ. ఆరబెట్టడానికి డ్రైయర్ కొనాలని నేను రాసి ఇచ్చినాను. అంతలో ఒకరోజు ఆయన కారులో వస్తా, దారిలో పాత ఉప్పు కయ్యలు చూసినాడు. వాటిలో ఉప్పు పండించడం మానేసి ఏళ్ళు గడిచినాయి. ఇప్పుడు పల్లెకారులు అక్కడ చేపలు ఎండబెట్టుకుంటారు. నేల బల్లపరుపు, సిమెంటులాగా గట్టి, కనుచూపుమేర చెట్టు నీడ లేదు, పైగా గాలి. ఆయన కారు దిగి, చేతులు చాచి, "ఇంత పెద్ద డ్రైయర్ దేవుడు ఇచ్చినాక ఇంకోటి కొనమంటావా రమణయ్యా?" అన్నాడు.

ఇంకేముంది, ఆ కయ్యలు లీజుకి తీసుకున్నాం. చెక్క ముక్కలన్నీ అక్కడ పరిచి, జేసీబీతో తిరగేసి, ఎండినాక ఫ్యాక్టరీకి తోలినాం. గలగలమని ఎండినాయి, కాదనను. 'సూర్యరశ్మితో చెక్క ఆరబోత' అని పేరు పెట్టి, ఫోటోలు తీసి పంపితే హైదరాబాదులో పెద్ద హోటల్లో అవార్డు కూడా ఇచ్చినారు. గాజుతో చేసిన సూర్యుడు. దాన్ని ఆయన టేబుల్ మీద ఎదురుగ్గా పెట్టుకున్నాడు. మనం ఎదుటి కుర్చీలో కూర్చుంటే ఆయన మొహం సగం, సూర్యుడు సగం కనపడేవి.

ఆయనకి రెండో గొప్ప ఒకటుంది, నీళ్ళు. ఫ్యాక్టరీ నుంచి ఒక్క చుక్క కూడా బయటికి వదలకూడదని, వాడిన నీళ్ళనే శుభ్రం చేసి మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళం. మంచి పనే. మా శుభ్రం చేసే ఏర్పాటు బురదని ఆపుతుంది, వాసనని ఆపుతుంది. కరిగిపోయినదాన్ని మాత్రం ఆపదు.

ఇంతవరకు చదివేసరికి మీకు అనుమానం వచ్చే ఉంటుంది. చదివేవాళ్ళకి తెలివి ఊరికే వస్తుంది. అక్కడ కూర్చుని జీతం తీసుకునేవాళ్ళకే కష్టం.

ఎస్తేరు కొట్టిన దెబ్బ

ఈస్ట్ సెక్షన్ చూసుకునేది ఎస్తేరు రాణి. కావలి అమ్మాయి. మైక్రోబయాలజీ చదివి, హైదరాబాదులో మందుల కంపెనీలో మంచి ఉద్యోగం చేస్తా ఉండింది. సొంత జిల్లాలో, అదీ దేశంలో ఎక్కడా సరిగ్గా జరగని పని జరుగుతుందంటే, ఆ ఉద్యోగం వదులుకుని వచ్చేసింది. "పిచ్చిదానివా?" అని అడిగినాను మొదటి రోజే. "మందుల కంపెనీలో అంతా తెలిసిందే సార్. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలీదు, అందుకే వచ్చినా" అన్నది. ఆ రెండో మాట ఎంత నిజమో పాపం అప్పటికి ఆమెకీ తెలీదు.

ఆమె ఇంకా ప్రొబేషన్లోనే ఉంది. మొదటి బ్యాచులు బాగా పులిసినాయి. ట్యాంకు పైన నురగ చూసి శశిధర్ గారు "నేను ముందే చెప్పినా" అన్నాడు. తర్వాత్తర్వాత పులియడం మందగించింది. బ్యాచి బ్యాచికీ ఈస్ట్ నీరసించి, చివరికి వేసింది వేసినట్టే చచ్చిపోవడం మొదలుపెట్టింది. ట్యాంకులో చక్కెర ఉంది, వేడి సరిగ్గా ఉంది, ఈస్ట్ మాత్రం చచ్చి అడుగున పడుంది. ఎస్తేరు కొత్త ఈస్ట్ తెప్పించింది, చచ్చింది. లాబులో బుడ్డీలో వేస్తే బతికింది, ట్యాంకులో వేస్తే చచ్చింది.

క్యాంటీన్లో మగపిల్లలు "ఈరోజు ఎస్తేరు కొట్టిన దెబ్బకి ఎన్ని పోయినాయి?" అని నవ్వుకునేవాళ్ళు. ఆమె ప్లేటు తీసుకుని వచ్చి వాళ్ళ బల్ల దగ్గరే కూర్చుని, "లెక్కపెట్టలేదన్నా, కోట్లలో ఉంటాయి" అనేది. వాళ్ళు నవ్వడం మానేసి అన్నం తినేవాళ్ళు. కానీ ఆ అమ్మాయి కళ్ళ కింద నలుపు నాకు కనపడతానే ఉండింది.

శశిధర్ గారు ఫ్యాక్టరీలో హోమం చేయించినాడు. కావలిలో ఎస్తేరు వాళ్ళమ్మ చర్చిలో ప్రార్థన పెట్టించింది. "దేనికోసం ప్రార్థించాలమ్మా?" అని పాస్టరు గారు అడిగితే, "ఈస్ట్ కోసమయ్యా" అన్నదంట. ఆయన ఇంకోసారి అడిగి, సరేనని ప్రార్థించినాడంట. ఈస్ట్ ఎవరి మాటా వినలేదు.

చిత్రమేమంటే, ఎవరైనా పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారంటే చాలు, ఈస్ట్ లేచి కూర్చునేది. వాళ్ళొస్తున్నారంటే మేం ట్యాంకులన్నీ కడిగి, పాత నీళ్ళు పెద్ద గుంటకి తోలి, ట్యాంకర్లతో మంచినీళ్ళు తెప్పించి నింపేవాళ్ళం. అప్పుడు నురగలు కక్కుతా పులిసేది. "చూసినావా రమణయ్యా, నేను దగ్గరుంటే పులుస్తుంది. దీన్నే లీడర్‌షిప్ అంటారు" అనేవాడు శశిధర్ గారు. వచ్చినవాళ్ళు పోయినాక కొన్ని బ్యాచులకే మళ్ళీ చావులు. అప్పుడది టీము.

చివరికి ఆయన తేల్చేసినాడు. మిషన్లు విదేశానివి, పద్ధతికి అవార్డు వచ్చింది, కాబట్టి తప్పు మనిషిది. ఛైర్మన్ గారు వచ్చే మీటింగులో ఎస్తేరుని తీసేయాలని చెప్తానన్నాడు. ఈ పని చేసే ఫ్యాక్టరీలు దేశం మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, అందరూ ఒకరికొకరు తెలుసు. ఈస్ట్‌ని చంపిందని తీసేసిన మనిషిని మళ్ళీ ఎవరూ గుమ్మం ఎక్కనీరు. ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకీ తెలుసు.

అంతా సముద్రపు గాలే

ఇక్కడ మా ప్రాంతం వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి, నన్ను కూడా కలుపుకునే చెప్తాను. మాకు ఏది పాడయినా కారణం ఒకటే, సముద్రపు గాలి. గేటు తుప్పు పట్టిందా, సముద్రపు గాలి. గోడ పెచ్చులూడిందా, సముద్రపు గాలి. కొత్త ఫ్రిజ్జు చెడిపోయిందా, దానికీ అదే. మా పెదనాన్న ఒకాయన జుట్టు రాలడానికి కూడా అదే చెప్పేవాడు, ఆయన ఉండేది సముద్రం కనపడని ఆత్మకూరులో.

ఉప్పులో పుట్టినాం, ఉప్పులో పెరిగినాం. బావి నీళ్ళు ఉప్పన, చెమట ఉప్పన. తెల్లవారుజామున ఆ పాత కయ్యల నేల మీద తెల్లగా పూత పూసేది. రోజూ దాని పక్కనించే డ్యూటీకి పోయేవాళ్ళం. బయటివాడెవడైనా చూస్తే "ఇదేంది?" అని అడిగుండేవాడు. మాకది కనపడదు, అలవాటయిపోయింది. కయ్యలు పండించడం మానేసినారు కదా, ఇంక ఉప్పు యాడుంది అనుకున్నాం. మనం మానేసినాం గానీ, నేల మానేసిందా? కింద నుంచి ఊరతానే ఉంది.

అదే రోజుల్లో కుక్కర్ మూత తీసి చూస్తే లోపల గోడంతా సూదితో పొడిచినట్టు సన్న సన్న గుంటలు. మంచి రకం ఉక్కు, తుప్పు పట్టదని గ్యారంటీ ఇచ్చి మరీ అమ్మినారు. నా కింద పనిచేసే ఫిట్టర్లందరూ ఒక్క గొంతుతో "సముద్రపు గాలి సార్" అన్నారు. నేనూ తలూపి వచ్చేసినాను.

కొండమ్మక్క మేకలు

ఎండిన చెక్క ముక్కలు ఫ్యాక్టరీ యార్డులో కొండలాగా పోసేవాళ్ళం. వాటి కోసం పక్క పాలెం నుంచి మేకలు వచ్చేవి. కొండమ్మక్క అని ఒకామెవి. సెక్యూరిటీ పెంచలయ్య పొద్దస్తమానం కర్ర పట్టుకుని వాటి వెంట పరిగెత్తడమే. తోలేస్తే గేటు పక్కనించి పోయేవి, వెనక గోడ సందులోంచి వచ్చేవి. పెంచలయ్య తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ మేకల మీద మేం ఒక మీటింగు పెట్టినాం. అబద్ధం కాదు, ఏసీ గదిలో కూర్చుని పెట్టినాం. మేకలు చెక్క తినేస్తున్నాయి కాబట్టే ఉత్పత్తి తగ్గుతా ఉందేమో అని శశిధర్ గారు సీరియస్‌గానే అన్నాడు. సరుగుడు వాసాలతో కంచె వేయించినారు. మేకలు వాసాల మధ్యలోంచి మెడ పెట్టి వాటి పని అవి చేసుకున్నాయి.

కొండమ్మక్కని గేటు దగ్గరికి పిలిపిస్తే, ఆమె ఏమాత్రం బెదరలేదు. "ఏందయ్యా మీ గోల! అవి తినేది మీరు పారేసే చెక్కే కదా? మీ కంపెనీ పెట్టినాక నా మేకలు ఎంత బాగా నీళ్ళు తాగుతా ఉండాయో!" అని మమ్మల్ని మెచ్చుకుని పోయింది. మేకలు నీళ్ళెందుకు ఎక్కువ తాగుతున్నాయని మాలో ఎవరన్నా అడిగినామా? ఆహా, అడిగితే ఇంజనీర్లం ఎట్టవుతాం?

ఒక మధ్యాన్నం ఎస్తేరు క్యారేజీ తీసుకుని యార్డు పక్కన షెడ్డు నీడలో కూర్చుంది. క్యాంటీన్‌కి పోబుద్ధి కాలేదంట ఆరోజు. కాసేపటికి చేయి కూడా కడుక్కోకుండా నా వర్క్‌షాపుకి వచ్చింది.

"రమణయ్య సార్, మేక చెక్క తింటదా?"

"ఆకు తింటది, బెరడు గీకతది. చెక్క ఏం తింటది తల్లీ, దానికేమన్నా పిచ్చా?"

"తినడం లేదు సార్. ముక్క నోటికి కరచుకుని, నాకి, వదిలేస్తా ఉంది. మళ్ళీ ఇంకోటి. పక్కనే ఈరోజొచ్చిన పచ్చి కొమ్మలున్నాయి, వాటి మొహం కూడా చూడ్డంలేదు."

నేనింకా ఏదో అనబోతుండగానే చేతిలో ఉన్న చెక్క ముక్క నోట్లో పెట్టుకుంది. ఆ మొహంలో ఏం మారిందో నేను చెప్పలేను. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. ఇంకో ముక్క నా చేతిలో పెట్టి, "మీరూ నాకండి సార్" అన్నది.

ఈ వయసులో చెక్క నాకడమేందని అటూ ఇటూ చూసి, నోట్లో పెట్టుకున్నాను. ఊరమిరపకాయలో కూడా అంత ఉప్పుండదు.

ఆ తర్వాత అంతా చకచకా అర్థమయింది. కయ్యల్లో చెక్కకి ఉప్పు పడుతోంది. కుక్కర్లో అది నీళ్ళలోకి దిగుతోంది. ఆ నీళ్ళనే మళ్ళీ మళ్ళీ వాడతా ఉంటే బ్యాచి బ్యాచికీ ఉప్పు చిక్కబడుతోంది. లాబు బుడ్డీలో మంచినీళ్ళే, పెద్దవాళ్ళొచ్చినప్పుడు ట్యాంకులోనూ మంచినీళ్ళే, కాబట్టి ఈస్ట్ బతుకుతోంది, లీడర్‌షిప్ వల్ల కాదు. నేను లేచి కుక్కర్ దగ్గరికి పోయినాను. గుంటలు లోపలున్నాయి, బయట గీత కూడా లేదు. చుట్టూ బోల్టులు బిగించి ఆవిరి కూడా బయటికి రానీకుండా మూసిన పాత్ర లోపలికి సముద్రపు గాలి యాడనుంచి పోతుంది? వేడి యాసిడ్‌కి ఉప్పు తోడయితే ఎంత మంచి ఉక్కయినా చిల్లులు పడుతుంది. ఆ సంగతి చదువుకున్నప్పుడు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

కావలి నుంచి వచ్చిన సీసా

ఉప్పు ఉందో లేదో చూసే మందు సిల్వర్ నైట్రేటు. ఒక చుక్క వేస్తే ఉప్పు నీళ్ళు పాలలాగా తెల్లబడతాయి. స్కూలు పిల్లలు చేసే ప్రయోగం. కోట్లు పోసి కట్టిన మా లాబులో ఆ సీసా లేదు, పట్టికలో లేదు కాబట్టి కొనలేదు. ఎస్తేరు కావలి పోయి, తను చదివిన కాలేజీలో లెక్చరరు గారిని అడిగి తెచ్చుకుంది. ట్యాంకు నీళ్ళలో చుక్క వేస్తే గ్లాసు నిండా తెల్లటి తరకలు.

ఇద్దరం ఆ గ్లాసు తీసుకుని శశిధర్ గారి దగ్గరికి పోయినాం. గాజు సూర్యుడి పక్కన పెట్టినాం. ఆయన చాలాసేపు చూసినాడు. గ్లాసుని కాదు, సూర్యుణ్ణి.

"ఆ కయ్యల్లో ఉప్పు పండక ఎన్నేళ్ళయింది? ఆ సీసా కాలేజీది, దాంట్లో ఏం కలిసిందో మనకేం తెలుసు? చూడమ్మా ఎస్తేరూ, ఉద్యోగం పోతుందన్నప్పుడు ఏదో ఒక కారణం వెతుక్కోవాలనిపిస్తుంది. నేనర్థం చేసుకోగలను" అన్నాడు ఎంతో దయగా.

ఈ రంగంలోకి వచ్చే పిల్లలకి ఇక్కడొక మాట. అరిచే బాసుకి భయపడొద్దు, అరిచినాక మర్చిపోతాడు. అర్థం చేసుకునే బాసు దగ్గర మాత్రం జాగ్రత్త.

బయటికొచ్చినాక ఎస్తేరు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది. "కనుక్కున్నాక కూడా పోవాల్సిందేనా సార్?" అన్నది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం ఉద్యోగంలో ఎంతోమంది మీద కోపం తెచ్చుకున్నా గానీ, అంత కోపం ఎప్పుడూ రాలేదు.

టీ, బిస్కెట్లు, చెక్క

మీటింగు రోజు ఛైర్మన్ గారు వచ్చినాడు. బుచ్చిరెడ్డిపాళెం వైపు వరి పండించే కుటుంబం, తర్వాత వ్యాపారంలోకి దిగినాడు. తక్కువ మాట్లాడతాడు. శశిధర్ గారు తెర మీద బొమ్మలు వేసి చూపిస్తా పోయినాడు. ఆఖరి బొమ్మ మీద 'మానవ తప్పిదం' అని పెద్ద అక్షరాలు. ఆ రెండు మాటలకి ఎదురుగ్గా ఎస్తేరు కూర్చుని ఉంది.

"ఈ అమ్మాయి కష్టపడుతుంది సార్, కాదనను. కానీ టీముకి బరువవుతోంది. సెక్షన్ వేరేవాళ్ళకి ఇద్దాం" అన్నాడు.

అప్పుడే టీ వచ్చింది. ఎస్తేరు లేచి, బిస్కెట్ల ప్లేటు పక్కన ఇంకో స్టీలు ప్లేటు పెట్టింది. అందులో చెక్క ముక్కలు, జీడిపప్పు సర్దినట్టు సర్ది ఉన్నాయి.

"సార్, ఒకటి నోట్లో పెట్టుకుని చూడండి."

"ఏందమ్మా ఇది! ఛైర్మన్ గారిని చెక్క నమలమంటావా?" శశిధర్ గారు కుర్చీలోంచి లేచినాడు.

"అయితే మీరు పెట్టుకోండి సార్" అన్నది.

ఆయన పెట్టుకోలేదు. ఛైర్మన్ గారు ఆ అమ్మాయిని ఒకసారి చూసి, ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. దవడ కదిలింది. సాసర్లోకి ఊసి, టీ కప్పు ఎత్తి గడగడా తాగినాడు.

"ఇదేంది, ఎండు చేపా? దీన్ని యాడ ఆరబోస్తా ఉండారు?"

చెప్పాల్సిన మనిషి తెర వైపు చూస్తా ఉన్నాడు.

"అవార్డు వచ్చిన చోటే సార్" అన్నాను నేను.

నేను ధైర్యవంతుణ్ణని అనుకోకండి. రిటైర్మెంటు దగ్గరపడింది, నన్ను తీసేసినా కాలెండరు కంటే కాస్త ముందు తీసేస్తారు, అంతే. నా సంచిలోంచి కుక్కర్ లోపలి తొడుగులోంచి కోసిన రేకు ముక్క తీసి బల్ల మీద పెట్టినాను. వెలుతురుకి పట్టి చూస్తే జల్లెడలాగా ఉంది. "ఈస్ట్‌ని చంపిందే దీన్నీ తింటా ఉంది సార్. ఇంకొన్నాళ్ళు పోతే కుక్కర్ పక్కన నిలబడినవాడు కూడా పోతాడు. ఇది సముద్రపు గాలీ కాదు, ఈ అమ్మాయీ కాదు. ఉప్పు. కనుక్కున్నది ఈమె."

ఛైర్మన్ గారు రేకుని చూసినాడు, ప్లేటుని చూసినాడు, శశిధర్ గారి వైపు తిరిగినాడు. ఆ పెద్దమనిషి గొప్పతనం అప్పుడు చూడాలి. రెప్ప కూడా వాల్చకుండా, "నేనూ కొంతకాలంగా ఇదే అనుమానిస్తున్నాను సార్" అన్నాడు.

"అనుమానిస్తా ఉంటే ఈ పాపని తీసేయమని ఎందుకు రాసుకొచ్చినావు?"

శశిధర్ గారు ఆఖరి బొమ్మ మార్చడానికి చాలాసేపు మీట నొక్కినాడు. అది మారలేదు, అదే ఆఖరిది.

"ఈ అమ్మాయి సెక్షన్ ఈమె దగ్గరే ఉంటుంది. చెక్క ఏది దించుకోవాలి, ఏది వెనక్కి పంపాలి అనేది కూడా ఇకమీదట ఈమే చెప్తుంది" అని ఛైర్మన్ గారు లేచినాడు. ఎస్తేరు థాంక్యూ అనలేదు. కూర్చుని, బిస్కెట్ ఒకటి తీసుకుని తినింది. ఆరోజు పొద్దున్నించి ఏమీ తినలేదంట.

న్యాయం జరిగిన విధానం

కథ ఇక్కడ ఆపితే బాగుండు, కానీ అప్పుడు ఉద్యోగం అంటే ఏందో మీకు పూర్తిగా తెలీదు.

సిమెంటు కళ్ళం వేసి చెక్క అక్కడ ఆరబోసినాం. కుక్కర్ మార్చినాం. ఈస్ట్ బతికింది, ఎవరూ చూడ్డానికి రాకపోయినా పులిసింది. మరుసటి ఏడు శశిధర్ గారికి 'తీరప్రాంత పరిశ్రమల్లో ఉప్పు నివారణ' మీద ఇంకో అవార్డు వచ్చింది. ఈసారి గాజు అల. సూర్యుడి పక్కన దాన్ని పెట్టేసరికి ఆయన మొహం పూర్తిగా కనపడకుండా పోయింది, నాకు కాస్త మేలయింది. ఆ స్టేజీ మీదికి ఎస్తేరుని పిలవలేదు. తర్వాత ఆయన ఇంకా పెద్ద కంపెనీకి, ఇంకా పెద్ద కుర్చీకి పోయినాడు. అట్టాంటివాళ్ళు కిందపడరు, బాధపడొద్దు.

సిమెంటు కళ్ళం వచ్చినాక మేకలు రావడం మానేసినాయి. యార్డుని మేకల బెడద నుంచి కాపాడినందుకు శశిధర్ గారే తను పోయేముందు పెంచలయ్యకి శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చినాడు. పెంచలయ్య దాన్ని ఫ్రేము కట్టించుకున్నాడు. ఆ ఫ్యాక్టరీలో ఊరికే వచ్చిన అవార్డుల్లో అది ఒక్కటే ఎవరి ఉద్యోగానికీ ఎసరు పెట్టలేదు.

కొండమ్మక్క మాత్రం గేటు దగ్గరికి వచ్చి తగువు పెట్టుకుంది. "ఏం చేసినారయ్యా ఆ చెక్కని? నా మేకలు దాని దిక్కు కూడా చూడ్డంలేదు" అని. ఎస్తేరు బయటికి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, "అక్కా, నీ మేకల్లో ఉప్పు పిచ్చి ఎక్కువున్నది ఏదో చెప్పు" అన్నది. దాన్ని కొని తెచ్చి లారీలు తూచే కాటా పక్కన కట్టేసింది. సిల్వర్ నైట్రేటు సీసాలు ఇప్పుడు లాబు నిండా ఉన్నాయి, ప్రతి లోడుకీ పరీక్ష ఉంది, అవన్నీ తర్వాత. ముందు మేక. అది నాకిందంటే లోడు వెనక్కే. కాంట్రాక్టర్లలో కొందరు ఇంకా పాత కయ్యల్లోనే ఆరబోసి తెస్తారు, అలవాటు చావదు కదా. కొత్తగా చేరే పిల్లలు మేకని చూసి నవ్వుతారు. నవ్వినవాడికి ఆమె ఒక చెక్క ముక్క ఇచ్చి నోట్లో పెట్టుకోమంటుంది. యాసిడ్ మాత్రం నోట్లో పెట్టుకోకండి, అది కూడా రాసి పెట్టాల్సిన రోజులొచ్చినాయి.

నా ఆఖరి రోజు దండ వేసినారు, ఉపన్యాసాలు చెప్పినారు, నా గురించి నాకే తెలియని మంచి గుణాలు చాలా విన్నాను. సాయంత్రం కారెక్కి గేటు దగ్గరికి వచ్చేసరికి దారికడ్డంగా చెక్క లారీ ఒకటి నిలబడి ఉంది. డ్రైవరు దిగి, చేతులు కట్టుకుని, మేక వైపు భయంగా చూస్తా ఉన్నాడు. ఎస్తేరు లారీలోంచి గుప్పెడు ముక్కలు తీసి దాని ముందు పోసింది. మేక వాసన చూసింది, మూతి తిప్పుకుంది.

"దించన్నా" అన్నది ఎస్తేరు.